ఆరో నియోజకవర్గంలో పోస్టల్ ఓట్లు

ఓట్ల లెక్కింపు వచ్చిందంటే సీతారామారావుకి పండగే. పిండివంటలుండే పండగ కాదు, తన మాటకి విలువుండే పండగ. సింగపూర్‌లో వుడ్‌ల్యాండ్స్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆఫీసులో మామూలు రోజుల్లో అరవై ఒక్కేళ్ల మనిషిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తారు. పొడిగించేటప్పుడు ఆరోగ్యం ఎలా ఉందని రెండుసార్లు అడుగుతారు. ఎన్నికలొస్తే మాత్రం ప్రతి టేబుల్ దగ్గరా అంకుల్ కావాలి.

ఆ ఆఫీసు పనే ఎన్నికల ఫలితాలు. ఎక్కడెక్కడి అంకెల్నో పోగుచేసి, సరిచూసి, టీవీ చానళ్లకీ వెబ్‌సైట్లకీ అమ్ముతారు. అమెరికాలో అర్ధరాత్రి అయితే ఇక్కడ మధ్యాహ్నం కాబట్టి అక్కడి లెక్కింపు ఇక్కడి ఆఫీసు వేళల్లో చక్కగా ఇమిడిపోతుంది. ఆ బుధవారం నాడు అక్కడి కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఎన్నికల ఫలితాలు. ఒక్కో రాష్ట్రం ఇద్దరికి అప్పగించారు. సీతారామారావుకీ పక్కసీటు అలేఖ్యకీ వచ్చిన రాష్ట్రంలో పధ్నాలుగు నియోజకవర్గాలు. రాష్ట్రం పేరు మనకెందుకు లెండి, వాళ్లిద్దరూ ఆ గడ్డ మీద ఏనాడూ కాలు పెట్టలేదు. అయినా ఏ కౌంటీ, అంటే అక్కడి జిల్లా, ఏ నియోజకవర్గంలోకి వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు.

అలేఖ్యది కరీంనగర్. ఇక్కడే ఎమ్మెస్ చేసి, రెండేళ్లలో మూడు తాత్కాలిక ఉద్యోగాలు మారి, ఇక్కడికొచ్చి ఆర్నెల్లయింది. పాసిర్ రిస్‌లో ఒక ఫ్లాట్‌లో ఒక గది, రోజూ రైల్లో రానూపోనూ రెండున్నర గంటలు. ఈ ఎన్నిక సవ్యంగా అయితే ఆమెని పర్మనెంట్ చేస్తారు, ఇక్కడ పనిచేసే అనుమతి, అంటే పాస్, ఇంకో రెండేళ్లకి వస్తుంది. కాకపోతే పాస్ రద్దయిన ముప్పై రోజుల్లో పెట్టె సర్దుకోవాలి. ఇది ఆమె దాచుకున్న సంగతేమీ కాదు, ఆఫీసంతటికీ తెలుసు.

సీతారామారావు సింగపూర్ రాకముందు విజయనగరం కలెక్టరేట్‌లో కంప్యూటర్ ఆపరేటర్. లెక్కింపు కేంద్రంలో ఏజెంట్ల అరుపులు, రౌండు రౌండుకీ మారే ముఖాలు, డిపాజిట్ పోయిన అభ్యర్థి అక్కడే కూర్చుని ఉప్మా తిన్న వైనం, ఇవన్నీ ఆయన దగ్గర కథలుగా ఉన్నాయి. పాతికేళ్లుగా చెప్తున్నాడు. విన్నవాళ్లే మళ్లీ వింటారు. వచ్చే విడత నుంచి కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే పని ఆయనకే అప్పజెప్తారని మేనేజర్ కృష్ణచైతన్య రెండు వారాల కిందట చెవిలో వేశాడు. ఆ మాట విన్నప్పటినుంచీ ఆయన నడకే మారిపోయింది. ఇంట్లో భార్య తారాదేవి, "ఏటండీ, కొత్త చెప్పులేటి?" అని కూడా అడిగింది.

పని పద్ధతి ఇది. అంకెలు ఎక్కించేదీ, ఒక నియోజకవర్గంలో గెలిచినవాళ్లెవరో ప్రకటించే బటన్ నొక్కేదీ ఒకరు. ఆ రోజు అది అలేఖ్య. నొక్కబోయే ముందు ఒక ఫారం నింపాలి. అందులో ఒక గడి పోస్టల్ ఓట్లది: ఇంకా ఎన్ని లెక్కపెట్టాలి, ఆ సంగతి ఏ కౌంటీ పేజీలో చూశారు. రెండో మనిషి ఆ ఫారం చదివి తన సంతకం జోడిస్తాడు. అది సీతారామారావు.

పదకొండూ నలభైకి ఆరో నియోజకవర్గంలో అన్ని పోలింగ్ కేంద్రాల లెక్కా వచ్చేసింది. ముందున్నాయన ఆరు వేల రెండు వందల ఎనిమిది ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు. వెనకబడ్డావిడ అంతకుముందు నాలుగుసార్లు గెలిచిన మనిషి. పోటీ సంస్థ ఏ క్షణాన అయినా ప్రకటించేలా ఉంది. అద్దాల గదిలోంచి కృష్ణచైతన్య బయటికొచ్చి, "సిక్స్ ఏమైంది? ఆయన గెలిచాడని కాల్ చేసేద్దామా?" అని ఒక కేక వేసి లోపలికెళ్లాడు.

అలేఖ్య ఫారం ముందు ఆగిపోయింది. పెద్ద కౌంటీ పేజీ ఎంతకీ తెరుచుకోవడం లేదు. "అంకుల్, పోస్టల్ వి అన్నీ అయిపోయినయా? పేజీ లోడ్ అయితలేదు."

సీతారామారావు తన తెర మీంచి చూపు కూడా తిప్పలేదు. "పోస్టల్ వి ముందే అయిపోతాయమ్మా. పొద్దున్న ఎనిమిదికి మొదటి టేబులు అదే కదా. మిగతావన్నీ ఆ తర్వాతే మొదలెడతారు. రాసేయ్."

మన దేశంలో అదే పద్ధతి. పొద్దున్నే పోస్టల్ కవర్లు విప్పుతారు, ఆ తర్వాతే మెషిన్లు తెస్తారు. ఆ పద్ధతి ఆయన ఎముకల్లోకి ఇంకిపోయింది. ఈ భూమ్మీద ఇంకోలా లెక్కపెట్టేవాళ్లుంటారన్న అనుమానమే ఆ క్షణాన రాలేదు. అలేఖ్య గడిలో 'పూర్తి' అని రాసింది, లింకు చోట కౌంటీ పేజీ చిరునామా అతికించింది, బటన్ నొక్కింది. ఆయన సంతకం చేశాడు. నాలుగు నిమిషాల తేడాతో పోటీ సంస్థ కంటే ముందు ప్రకటించారు. అద్దాల గదిలోంచి బొటనవేలు పైకి లేచింది.

పన్నెండు దాటాక కాస్త తీరిక దొరికింది. సీతారామారావు ఊరికే, చెయ్యి ఊరుకోక, ఆ కౌంటీ పేజీ నొక్కి చూశాడు. ఈసారి తెరుచుకుంది. అంకెల కింద చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. పోలింగ్ కేంద్రాల లెక్క ముగిసింది. పోస్టు ద్వారా వచ్చిన ముప్పై ఎనిమిది వేల ఓట్ల లెక్కింపు ఇప్పుడు మొదలవుతుంది.

ఆయన ఆ వాక్యాలు మూడుసార్లు చదివాడు. మెల్లగా ఆ పేజీ మూసేశాడు.

టేబుల్ అంచున ఒక కాగితం అతికించి ఉంటుంది, ఆఫీసు నియమం. ప్రకటించినదాన్ని మనంతట మనమే వెనక్కి తీసుకుంటే అది సవరణ. ఆధిక్యం తలకిందులయ్యాక తీసుకుంటే అది తప్పు. సవరణకి ఒక వివరణ చాలు. తప్పుకి, పైకి పంపడానికి, ఒక పేరు కావాలి. ఆ కాగితం అక్కడ అతికించింది సీతారామారావే. ఇప్పుడు పక్కకి తిరిగి, "అమ్మా, పొరపాటు పడ్డాను, వెనక్కి తీసుకుందాం" అంటే అయిపోతుంది. అలేఖ్యకి ఏమీ కాదు. ఆయనకీ ఏమీ కాదు, ఒక్క మాట తప్ప: లెక్కింపు గురించి పాతికేళ్లుగా కథలు చెప్పే పెద్దమనిషికి ఆ రాష్ట్రంలో పోస్టల్ ఓట్లు ఎప్పుడు లెక్కపెడతారో తెలియదన్న మాట. వయసైపోయింది పాపం అన్న మాట. ఆయనకి అన్నిటికంటే ఆ 'పాపం' అంటేనే భయం.

చూద్దాంలే అనుకున్నాడు. ముప్పై ఎనిమిది వేలలో సగం సగం పడినా ఆధిక్యం ఎక్కడికీ పోదు. ఏమో, అలాగే పడతాయేమో. ఇలా 'చూద్దాంలే' అనుకునే ఎంతోమంది నిండా మునిగారు, అయినా ఆ మాటకున్న రుచి అలాంటిది.

పోస్టల్ ఓట్ల మొదటి మోపు పన్నెండూ నలభైకి వచ్చింది. ఆధిక్యం ఐదు వేల ఒక వంద. ఆయన లేచి నీళ్లు తాగొచ్చాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి టాయిలెట్‌కి వెళ్లాడు, అవసరం లేకపోయినా చేతులు కడుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి నాలుగు వేల ఏడు వందలు. కాలుగాలిన పిల్లిలా టేబుల్‌కీ కిటికీకీ మధ్య తిరుగుతుంటే ఎదుటి వరసలో కుర్రాళ్లు నవ్వుకున్నారు.

ఒంటిగంటకి భోజనానికి ఇద్దరూ కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి దిగారు. అలేఖ్య ముందే పరిగెత్తి టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసింది, అంటే ఇది మాదని ఆపింది, ఆయనకి కోపీ, అదే ఇక్కడి కాఫీ, తెచ్చిపెట్టింది. ఆయన నూడుల్స్‌ని చాప్‌స్టిక్స్‌తో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నెట్టాడు.

"అంకుల్, ఒక మాట అడుగుతా, ఏమనుకోకుండ్రి." ఆమె గొంతు తగ్గించింది. "సిక్స్‌ల లీడ్ తగ్గుతాంది. పోలింగ్ బూత్‌లన్నీ అయిపోయినంక మళ్ల గీ ఓట్లు ఏడికెళ్లి వస్తున్నయ్? పోస్టల్ వి అయిపోయినయ్ కదా?"

ఇదీ తరుణం. ఆమె స్వయంగా తలుపు తీసి, లోపలికి రండి అని పిలిచినట్టు అడిగింది. సీతారామారావు నోరు తెరిచాడు. పక్క టేబుల్ దగ్గర వాళ్ల ఆఫీసు కుర్రాళ్లిద్దరు ట్రేలతో వచ్చి కూర్చున్నారు. "హాయ్ అంకుల్, విజయనగరం కథ ఒకటి పడాలి లా" అన్నాడొకడు సింగపూర్ యాసలో.

"అయ్యే ఉంటాయమ్మా," అన్నాడాయన అలేఖ్యతో. "ఇవేవో సరిచేస్తున్న అంకెలేమో. కంగారు పడకు."

ఆమె మొహం తేటపడింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన నోరు జారడం అప్పటికి రెండోసారి. మొదటిది తెలియక. రెండోది తెలిసి. ఆ తేడా ఆయనకి స్పష్టంగా తెలుసు, కోపీ చల్లారేదాకా దాన్నే నెమరేస్తూ కూర్చున్నాడు.

పైకి వెళ్తుంటే లిఫ్ట్‌లో ఫోన్ మోగింది. యీషున్‌లో ఇంటి నుంచి తారాదేవి. "తిన్నారా? టీవీలో మీ ఆరో నంబరు చూపిస్తన్నారండీ. మీరు ఆయన గెలిచేడని చెప్పేరట, ఇప్పుడేమో ఆవిడ దగ్గరకొచ్చేస్తందట. ఏటవుతాదండీ?"

"తర్వాత చేస్తాను," అని పెట్టేశాడు.

రెండింటికి రెండు వేల తొమ్మిది వందలు. రెండుంపావుకి పధ్నాలుగు వందలు. ఇప్పుడు చెప్తాను, ఈ మోపు చూసి చెప్తాను, ఇదిగో ఇది ఆఖరు, అని ఆయన తనకి తాను వాయిదాలిస్తూ పోయాడు. అంత ఊపిరాడకుండా ఆయన తన జీవితంలో ఏ లెక్కింపూ చూడలేదు. అక్కడ ఎవరో ఇద్దరు అమెరికన్లు తమ పదవి కోసం చూసుకుంటుంటే, ఇక్కడ ఒక విజయనగరం మనిషి మొదటాయనే గెలవాలని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు. స్వామికి ఆ నియోజకవర్గం ఎక్కడుందో తెలుసో లేదో.

రెండూ నలభైకి వెనకున్నావిడ మూడు వందల పదకొండు ఓట్లతో ముందుకొచ్చింది.

టేబుల్ మీద ఫోన్ మోగింది. అలేఖ్య ఎత్తి, విని, పెట్టేసింది. అద్దాల గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. కృష్ణచైతన్య నిలబడి మాట్లాడుతున్నాడు. ఆమె తల వంచుకుని ఫారం కాగితం చూస్తోంది. మధ్యలో ఒకసారి తల అడ్డంగా ఊపింది. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుని, సొరుగులోంచి ఛార్జర్ తీసి బ్యాగులో పెట్టుకుంది.

సీతారామారావు లేచాడు. అద్దాల తలుపు తోసి, కూర్చోకుండానే చెప్పాడు. "బాబూ, ఆ తప్పు అమ్మాయిది కాదు. పోస్టల్ అయిపోయిందని చెప్పింది నేను. మన ఊళ్లో పద్ధతి అనుకుని చెప్పేశాను."

కృష్ణచైతన్య కుర్చీలో వెనక్కి వాలాడు. గుంటూరులో పుట్టి పదో ఏట ఇక్కడికొచ్చిన మనిషి, వయసు నలభై లోపు. అలసిన మొహంలోకి నెమ్మదిగా ఒక నవ్వు వచ్చింది, అవమానించే నవ్వు కాదు, మంచి నవ్వు. అదే ఆయన్ని చంపింది.

"అంకుల్, ఎవరైనా చెప్పారా అని తనని అడిగా. లేదంది. నేనే చూడకుండా రాశానంది. మీరు తనని కాపాడ్డానికొచ్చారని నాకు అర్థమైంది. రియల్లీ, మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ టీమ్ ఇలా ఉంది. కానీ మీరు చెప్పినా, చూడాల్సిన బాధ్యత తనదే కదా. ఆ గడి తనది, మీ సంతకం ఫారం చదివినందుకే. ఈ తప్పుకి ఒక పేరు పైకి పంపాలి, పంపేశా. మీరు రెస్ట్ తీసుకోండి. ట్రైనింగ్ సంగతి శుక్రవారం మాట్లాడదాం."

సీతారామారావు బయటికొచ్చాడు. రెండు గంటల ముందు చెప్పి ఉంటే నిజమయ్యేది. ఇప్పుడు చెప్తే ఔదార్యం అయింది. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లి మెప్పు పుచ్చుకుని వచ్చిన మనిషి సింగపూర్ మొత్తానికీ తనొక్కడే అయి ఉంటాడనిపించి, సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

అలేఖ్య లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంది. "లోపలికి పోయిన్రా అంకుల్? ఎందుకు పోయిన్రు?" అంది. కళ్లు ఎర్రగా ఉన్నా గొంతు మామూలుగానే ఉంది. "నేను మీ పేరు చెప్పలే. మీరు తెల్వక చెప్పిన్రు. తెల్వక చెప్పినదానికి మీ పేరెందుకు? చూసుకోవాల్సింది నేను."

తెలియక. ఆ ఒక్క మాటే ఆయన్ని నిలబడనివ్వలేదు. ఏడ్చి తిట్టినా తట్టుకునేవాడు. లిఫ్ట్ వచ్చింది, తలుపులు తెరుచుకుని మళ్లీ మూసుకున్నాయి, ఆమె ఎక్కలేదు.

"తెలియక కాదమ్మా."

"ఏందీ?"

"నాకు పన్నెండుంపావుకే తెలుసు. కౌంటీ పేజీ చూశాను. ముప్పై ఎనిమిది వేలున్నాయని చదివాను. కింద నువ్వు అడిగినప్పుడు కూడా తెలుసు."

అలేఖ్య ఆయన వైపు తిరిగింది. కోపమొచ్చిందో లేదో ఆయనకి తెలియలేదు. ఆమె మొహం అలసిపోయిన ఆడపిల్ల మొహంలా ఉంది, అంతే. "నేను అడిగిన కదా," అంది. "తింటాంటే అడిగిన. మీరు కంగారు పడకు అన్నరు."

"అన్నాను."

"అప్పుడు చెప్తే సవరణ అయ్యేది."

"అవును."

ఆమె బ్యాగు భుజం మార్చుకుంది. "లోపల గిది చెప్పిన్రా?"

సీతారామారావు చూపు లిఫ్ట్ తలుపుల మీదికి పోయింది. పోస్టల్ గురించి తనే అన్నానని చెప్పాడు. ఎప్పుడు తెలిసిందో చెప్పలేదు. మాట పోకుండా, పేరు పోకుండా, ఎంతవరకు ఒప్పుకోవచ్చో అంతవరకే ఒప్పుకుని వచ్చాడు. ఆ సంగతి తనకి కూడా ఆమె అడిగేదాకా తట్టలేదు.

"టైము చెప్పలే," అంది అలేఖ్య. అడగలేదు, తనే తేల్చేసింది. లిఫ్ట్ బటన్ మళ్లీ నొక్కింది. "మీ ఇష్టం. నాకు ట్రైన్ ఉంది."

తలుపులు మూసుకున్నాయి. ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. శుక్రవారం అన్నాడు కృష్ణచైతన్య. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి, ఆలోచించుకోవచ్చు. మధ్యాహ్నం నుంచీ తనని ముంచుతున్నది ఈ ఆలోచనే. అది మళ్లీ గుట్టుచప్పుడు కాకుండా వచ్చి పక్కన నిలబడటం చూసి ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. సీటుకి వెళ్లి, ల్యాప్‌టాప్ వైరు పీకి, చంకలో పెట్టుకుని అద్దాల గదిలోకి నడిచాడు.

"అంకుల్, మళ్లీ ఏంటి?" అన్నాడు కృష్ణచైతన్య, నవ్వుతూనే.

ఆయన ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టి, పొద్దున్నుంచీ తను తెరిచిన పేజీల జాబితా తెరిచి, అటువైపు తిప్పాడు. "ఆ పేజీ నేనెప్పుడు చూశానో ఇక్కడుంది బాబూ. చదువు."

కృష్ణచైతన్య చదివాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత గోడ గడియారం వైపు చూశాడు, ఆధిక్యం తలకిందులైన వేళతో లెక్క కట్టుకున్నాడు. నవ్వు మొహమ్మీద ఇంకో క్షణం ఉండి చెరిగిపోయింది.

"పన్నెండుంపావుకే చూశారా?"

"చూశాను. అమ్మాయి ఒంటిగంటకి అడిగింది. పోస్టల్ అయ్యే ఉంటాయన్నాను."

"ఎందుకు?"

"పరువు."

"దాచిపెట్టారంటే ఈ తప్పు తన పేరు మీద ఉండదు," అన్నాడు కృష్ణచైతన్య. "పంపిన పేరు మార్చొచ్చు. మీ పేరు వస్తుంది. ట్రైనింగూ ఉండదు, వచ్చే ఏడాది పొడిగింపూ ఉండదు. తెలుసు కదా మీకు?"

"తెలుసు."

"రాసివ్వండి." ఒక తెల్ల కాగితం ముందుకు తోశాడు. కుర్చీ చూపించలేదు.

సీతారామారావు నిలబడే వంగి రాశాడు. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ఏ పేజీ చూశాడో, అందులో ఏముందో, ఎవరికి చెప్పలేదో రాశాడు. వేళ దగ్గరికొచ్చేసరికి 12:14 అని అంకెల్లో వేసి, పక్కనే బ్రాకెట్ పెట్టి, పన్నెండు గంటల పధ్నాలుగు నిమిషాలు అని అక్షరాల్లో కూడా రాశాడు. విజయనగరంలో రౌండు షీటు మీద అలాగే రాసేవాళ్లు, తర్వాత ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా.